ట్యూబ్ ఆంప్ ఎగిరిపోతే ముందు ట్యూబులు కాదు, స్పీకరు వైరు చూడండి

మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉన్నది. కాజీపేటలో చర్చి రాత్రి కూటం, షామియానా కింద జనరేటరు కరెంటు, గిటారుకు 15 వాట్ల ట్యూబ్ ఆంప్ (పాత వాల్వు రేడియోలెక్క గాజు ట్యూబుల మీద నడిచే ఆంప్లిఫయరు). సౌండు ఎక్కువైందని పెద్దలు అంటే, సౌండు సిస్టం అబ్బాయి ఆంప్‌కూ స్పీకరుకూ నడుమ ఒక గోడ వాల్యూమ్ కంట్రోలు తగిలించిండు. రెండో పాటలో సౌండు సన్నబడ్డది, కాలిన వాసన వచ్చింది, ఫ్యూజు పోయింది. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టి మళ్లీ స్విచ్ వేస్తే పొగ వచ్చింది. ఇప్పుడు మీరు అడిగేది రెండు సంగతులు: ఏ కంపెనీ ట్యూబులు కొనాలి, ఇంటి కాడ లొల్లి కాకుండ సౌండు ఎట్ల తగ్గించాలి.

నా లెక్కన ఇవి రెండు ప్రశ్నలు కావు, ఒకటే. సౌండు తగ్గించిన పద్ధతే మీ ఆంప్‌ను ఖరాబు చేసింది. ట్యూబులు దాని వెనుక పోయినయి.

ఆ గోడ కంట్రోలు 100 వోల్టుల లైను మీద నడిచే కాలమ్ స్పీకర్లకు, సీలింగ్ స్పీకర్లకు చేసింది. ఆ లైనులో 10 వాట్ల స్పీకరు అంటే 1000 ఓమ్‌ల లోడు. మీ ఆంప్ వెనుక జాక్ అడిగేది 8 ఓమ్‌లు. ఆ కంట్రోలులో చాలావాటికి లోపల ఉండేది చిన్న ఆటో ట్రాన్స్‌ఫార్మరు (ఒకే చుట్ట నుంచి వోల్టేజిని మెట్లుమెట్లుగ తగ్గించేది). సగం వోల్టేజికి తిప్పితే ఆంప్‌కు 8 బదులు 32 ఓమ్‌లు కనబడతది, పావుకు తిప్పితే 128 ఓమ్‌లు. ఆఫ్ మీద పెడితే స్పీకరు పీకేసినట్టే. సౌండు ఎంత తగ్గిస్తే ఆంప్‌కు అంత ప్రమాదం అన్నమాట.

డీజే పెట్టెలు నడిపేవాళ్ల తప్పు కూడ కాదిది, వాళ్ల చేతి అలవాటు. ట్రాన్సిస్టరు ఆంప్‌కు స్పీకరు వైరు ఊడితే ఏం కాదు, రెండు వైర్లు కలిస్తేనే అది చస్తది. ట్యూబ్ ఆంప్ దానికి పూర్తి ఉల్టా. ట్యూబులకూ స్పీకరుకూ నడుమ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ఉన్నది కాబట్టి, లోడు లేకుండ గట్టిగ వాయిస్తే దాని ప్రైమరీలో (ట్యూబుల దిక్కు చుట్టలో) నిలిచిన శక్తికి పోయే దారి దొరకదు. యానోడు (ట్యూబులో కరెంటు చేరే రేకు) మీద వోల్టేజి వెయ్యి దాటి ఎగురుతది. ట్యూబు సాకెట్లోనో, ట్రాన్స్‌ఫార్మరు చుట్ల నడుమనో నిప్పురవ్వ కొడతది. అదే టైములో స్క్రీన్ గ్రిడ్ (ట్యూబులో యానోడుకు ముందు ఉండే జాలి) కరెంటు పెరిగి దానికి పెట్టిన రెసిస్టరు కాలిపోతది. మీకు వచ్చిన మొదటి వాసన అదే అయి ఉంటది. సౌండు సన్నబడడం కూడ అక్కడే సరిపోతున్నది: రెండు ట్యూబుల్లో ఒకటి పని మానేసింది, ఒక్కటే మోసింది.

ఇగ రాగి తీగ. ఈ ఒక్క పనికి నాకు నిజంగ కోపం వస్తది. 1 యాంపు ఫ్యూజు పోయిందంటే లోపల ఏదో షార్టు అయింది, ట్రాన్స్‌ఫార్మరును కాపాడింది అని అర్థం. తీగ చుట్టి మళ్లీ వేస్తే ఆ కరెంటంతా పవర్ ట్రాన్స్‌ఫార్మరు మోయాలె. పది రూపాయల ఫ్యూజు దొరకక ఆంప్‌లో అన్నిటికన్న ఖరీదైన ముక్కను బలి ఇచ్చినట్టు. ఫ్యూజు ఎంతదో వెనుక పలక మీద రాసి ఉంటది, ముందట టీ అక్షరం ఉంటే స్లో బ్లో (వెంటనే కాకుండ కొంచెం ఆగి పోయే రకం) తీసుకోవాలె. మన దగ్గర దుకాణాల్లో అడగకుండ ఇచ్చేవి ఫాస్టువి, అవి స్విచ్ వేయంగనే పోతయి, ఆ విసుగులోంచే జనం తీగ చుడతరు. 230 వోల్టులకు వేయాల్సిన ఫ్యూజు, 120 వోల్టులకు రాసినదాంట్లో సుమారు సగం ఉంటది. పలక మీద రెండు నంబర్లు ఉంటే మనది చిన్నది.

బాగుచేసే పద్ధతి చెప్తున్న. మీకు మల్టీమీటరు, సోల్డరింగ్ అలవాటు లేకుంటే ఇది చదివి మీ మెకానిక్‌తోని చేయించండి, స్వయంగ మూత తీయకండి. లోపల 300 నుంచి 450 వోల్టుల డీసీ ఉంటది, ప్లగ్గు పీకినంక కూడ కెపాసిటర్లలో అట్లనే నిలిచి ఉంటది. పాణం తీసే వోల్టేజి.

ప్లగ్గు పీకండి. 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టరుకు రెండు దిక్కుల తొడుగున్న క్లిప్పులు కట్టి, ఒకటి ఛాసిస్‌కు (ఆంప్ లోపలి లోహపు పెట్టెకు), ఒకటి మొదటి ఫిల్టర్ కెపాసిటరు ప్లస్‌కు పట్టండి. 47 మైక్రోఫారడ్ కెపాసిటరు ఐదు సెకన్లలో ఖాళీ అయితది. క్లిప్పు అట్లనే ఉంచి మీటరు పెట్టి చూడండి, 10 వోల్టుల కిందికి వచ్చినంకనే చెయ్యి పెట్టాలె. స్క్రూ డ్రైవరుతో టప్పున షార్టు చేసే అలవాటు మానండి, కెపాసిటరు లోపలి అతుకులు దెబ్బతింటయి, ఎగిరిన రవ్వ కంట్లో పడతది. క్లిప్పు తీసినంక వోల్టేజి కొంచెం మళ్లీ లేస్తది కూడ, ఇంకోసారి చూసుకోండి.

ముందు కండ్లతో, ముక్కుతో వెతకండి. ఈఎల్84 (చిన్న ఆంపుల్లో ఉండే పవరు ట్యూబు) సాకెట్లో 9వ పిన్ను స్క్రీన్, దానికి వచ్చే రెసిస్టరు (100 ఓమ్‌ల నుంచి 1 కిలో ఓమ్ దాకా ఆంప్‌ను బట్టి) నల్లగ ఉన్నదా చూడండి. 7వ పిన్ను యానోడు. సాకెట్టు మీద నల్లటి గీత పడితే అది బొగ్గు దారి, తుడిస్తే పోదు, సాకెట్టే మార్చాలె. ఈఎల్34, 6ఎల్6 లాంటి ఎనిమిది పిన్నుల సాకెట్లలో ఈ గీత ఎక్కువగ 2, 3 పిన్నుల నడుమ పడతది, ఒకటి హీటరు, పక్కది యానోడు కాబట్టి. ట్యూబు లోపలి పైభాగంలో ఉండే వెండి పూత పాలలెక్క తెల్లబడితే గాలి సొచ్చింది, ఆ ట్యూబు అయిపోయింది. గాజు మీద లేత నీలం కాంతి మాత్రం చెడ్డది కాదు, దానికి భయపడి మంచి ట్యూబులు పారేసేటోళ్లు ఉన్నరు.

తర్వాత సీరీస్ బల్బు. మోటరు వైండింగు దుకాణాల్లో గోడకు వేలాడేది అదే: ఫేజు వైరుకు వరుసగ ఒక ఫిలమెంటు బల్బు. ఎల్‌ఈడీ పనికిరాదు. ట్యూబులన్నీ పీకి, అసలు ఫ్యూజు వేసి, 60 వాట్ల బల్బు మీదుగ ఆంప్ ఆన్ చేయండి. స్టాండ్‌బై (హైవోల్టేజి వేసే రెండో స్విచ్) ఉంటే అది కూడ వేయండి. బల్బు ఒక్క క్షణం మెరిసి మసకబడితే పవర్ ట్రాన్స్‌ఫార్మరు, డయోడ్లు, ఫిల్టర్ కెపాసిటర్లు బతికే ఉన్నయి. నిండుగ వెలుగుతనే ఉంటే షార్టు ఉన్నది. అప్పుడు ట్రాన్స్‌ఫార్మరు హైవోల్టేజి వైర్లు డయోడ్ల దగ్గర విప్పి మళ్లీ చూడండి. అయినా వెలిగితే ట్రాన్స్‌ఫార్మరు పోయినట్టే, తీగ ఫలితం. మసకబడితే డయోడో కెపాసిటరో. డయోడ్లు 1ఎన్4007 అయితే ఒక్కటి పోయినా నాలుగూ మార్చండి, టీ తాగే పైసలే. ట్యూబులు లేనప్పుడు కెపాసిటర్లు మామూలుకన్న ఎక్కువ వోల్టేజికి నిండుతయి, తొందరగ ఖాళీ కావు. ప్రతి పరీక్ష తర్వాత ఆ రెసిస్టరు క్లిప్పు మళ్లీ పెట్టాలె.

ఇప్పుడు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. మీ కేసులో అసలు అనుమానం దీని మీదనే. మీటరుతో ప్రైమరీ నడిమి వైరు నుంచి ఒక్కో యానోడుకు ఓమ్‌లు చూడండి. రెండు దిక్కుల వంద, రెండు వందల ఓమ్‌లు అట్ల రావాలె. కొంచెం తేడా ఉంటే దోషం కాదు, బయటి చుట్టుకు తీగ ఎక్కువ పడతది. ఒక దిక్కు ఏమీ రాకుంటే తెగింది. ఛాసిస్‌కు చూస్తే ఏమీ రావద్దు. కాని ఈ పరీక్ష పాసైతే ట్రాన్స్‌ఫార్మరు మంచిదని చెప్పేటోళ్లను నమ్మకండి, చుట్టుకూ చుట్టుకూ నడుమ షార్టు మీటరుకు కనబడదు. దానికి వేరే దారి ఉన్నది: ట్యూబులు పీకి, స్పీకరు విప్పి, 12 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఏసీని 100 ఓమ్‌ల రెసిస్టరు మీదుగ రెండు యానోడ్ల నడుమ పెట్టండి. 8 కిలో ఓమ్‌ల నుంచి 8 ఓమ్‌లకు దించే ట్రాన్స్‌ఫార్మరు అయితే చుట్ల నిష్పత్తి 31.6. స్పీకరు దిక్కు 0.38 వోల్టు అటూఇటూ రావాలె. అందులో సగం, పావు వచ్చి రెసిస్టరు వేడెక్కితే లోపల చుట్లు కలిసినయి.

పోయిందని తేలితే మోటరు వైండింగు దుకాణానికి పట్టుకపోకండి. బోరు మోటరు, స్టెబిలైజరు ట్రాన్స్‌ఫార్మరు వాళ్లు బంగారంలెక్క చుడతరు, పవర్ ట్రాన్స్‌ఫార్మరు అయితే నేను కూడ వాళ్లకే ఇమ్మంట. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు వేరే జాతి. ప్రైమరీ కొంత, సెకండరీ కొంత, మళ్లీ ప్రైమరీ, ఇట్ల పొరలు పొరలుగ అల్లాలె, పుష్-పుల్ (రెండు ట్యూబులు వంతులుగ మోసేది) అయితే రెండు సగాలు సమంగ రావాలె. ఒకదాని మీద ఒకటి మొత్తం చుడితే చుట్ల లెక్క సరిపోతది, ఓమ్‌లు సరిపోతయి, ట్రెబుల్ మాత్రం దుప్పటి కప్పినట్టు వినబడతది. ఆ ఆంప్‌కు చేసినదే తెప్పించుకోండి.

ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ బతికి ఉంటే, కాలిన స్క్రీన్ రెసిస్టర్లు రెండూ మార్చండి, ఒక్కటి కాదు. కొత్త ట్యూబులు పెట్టకముందే 2వ పిన్ను (సిగ్నల్ వచ్చే గ్రిడ్) దగ్గర డీసీ వోల్టేజి చూడండి. ఫిక్స్‌డ్ బయాస్ ఆంప్ (ట్యూబు కరెంటును అదుపు చేసే మైనస్ వోల్టేజిని విడిగ ఇచ్చేది) అయితే మైనస్ 10, 12 వోల్టుల చుట్టూ ఉండాలె. క్యాథోడ్ బయాస్ (ఆ అదుపు క్యాథోడు కాడి రెసిస్టరుతో వచ్చేది) అయితే సున్న. అక్కడ ప్లస్ వోల్టేజి ఒకటి, రెండు వచ్చినా కప్లింగ్ కెపాసిటరు (ముందు ట్యూబు నుంచి సిగ్నల్ తెచ్చేది) లీకు అయితున్నది, దాన్ని మార్చకుంటే ఎంత మంచి ట్యూబు వేసినా గంటలో ఎర్రబడతది. 630 వోల్టులవి రెండు తెచ్చి రెండు దిక్కుల వేయండి. రెసిస్టర్లు, కెపాసిటర్లు హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతయి. ట్యూబులు మాత్రం ఆన్‌లైన్లో తెప్పించుకోవాల్సిందే.

ఏ కంపెనీ అన్నరు కదా. జేజే, ఎలక్ట్రో హార్మోనిక్స్, ఏదైనా సరే. ముఖ్యమైనది మ్యాచ్ చేసిన జత (ఒకే తీరుగ కరెంటు లాగే రెండు ట్యూబులు). 6బీక్యూ5 అని రాసి ఉన్నా ఈఎల్84యే. పాత వాల్వు రేడియోలోంచి పీకిన ఈఎల్84, బెంగళూరు బీఈఎల్ చేసినవి ఎవరి ఇంట్లోనో ఉంటయి. పరీక్షకు వేసుకోండి, కాని ఒకటి కొత్తది, ఒకటి అరిగింది జతగ పెట్టి కూటానికి పోకండి. ప్రీఆంప్ (సిగ్నల్‌ను మొదట పెంచే భాగం) దిక్కున్న 12ఏఎక్స్7 ట్యూబులు ఈ ప్రమాదంలో సాధారణంగ పోవు. మూడూ మార్చమనేది అమ్మేటోడి మాట.

కొత్త జత వేసి, స్పీకరు తప్పకుండ తగిలించి, ఈసారి 100 వాట్ల బల్బు మీదుగ ఆన్ చేయండి. బల్బు నిండుగ వెలగకుంటే బల్బు తీసి నేరుగ ఇవ్వండి. గదిలో లైట్లు ఆర్పి పది నిమిషాలు ట్యూబులను చూస్తూ కూచోండి. నడిమి హీటరు నారింజ రంగు మామూలే. దాని చుట్టూ ఉండే బూడిద రంగు రేకు మీద ఎర్ర మచ్చ వస్తే ఆ క్షణమే ఆపండి. లెక్క కావాలంటే ఒక్కో క్యాథోడుకూ ఛాసిస్‌కూ నడుమ 1 ఓమ్ రెసిస్టరు వేయండి, ఒక మిల్లీవోల్టు అంటే ఒక మిల్లీయాంపు. ఈఎల్84 యానోడు మోసేది 12 వాట్లు. ఫిక్స్‌డ్ బయాస్‌లో 70 శాతం, అంటే 8.4 వాట్లు దాటొద్దు. యానోడు మీద 330 వోల్టులు ఉంటే సుమారు 25 మిల్లీయాంపులు. క్యాథోడ్ బయాస్ ఆంపులు 12కు దగ్గరగనే నడుస్తయి, అది వాటి పద్ధతి.

జనరేటరు మాట కూడ చెప్పాలె. మనకు 230 వోల్టులు, పది శాతం అటూఇటూ, అంటే 207 నుంచి 253. షామియానా జనరేటరు లోడు తగ్గినప్పుడు అంతకుమించి ఎక్కుతది. వెనుక 220 అని సెట్ చేసిన ఆంప్‌కు 250 ఇస్తే హీటరు 6.3 బదులు 7.1 దాటుతది, అది ఓర్చుకునే పైహద్దు 6.9. ప్లగ్గు పెట్టే ముందు మీటరు పెట్టి చూడడానికి ఎంతసేపు పడతది? గాలివానలో న్యూట్రల్ తెగితే 300, 350 కూడ వస్తయి, గల్లీలో టీవీలన్నీ ఒక్కసారే కాలేది అందుకే. ఫ్యూజు తర్వాత 275 వోల్టుల ఎంఓవీ అనే రక్షణ ముక్క ఒకటి వేయించండి, అట్లాంటప్పుడు అది షార్టయి ఫ్యూజును కొడతది, ట్రాన్స్‌ఫార్మరు మిగులుతది. గుయ్యిమనే హమ్ పోతదని ప్లగ్గుకు ఎర్తు పిన్ను కోసేటోళ్లు ఉన్నరు. గిటారు తీగలు ఆంప్ ఛాసిస్‌కు కలిసి ఉంటయి, పెదవులు మైకుకు తగులుతయి. ఎర్తు లేకుండ పాడుతూ వాయించేటోళ్లకు అది పాణగండం, చర్చి అయినా పెండ్లి అయినా ఒప్పుకోకండి.

సౌండు సంగతి. మొదలు ఒక భ్రమ తీసేయాలె: వాల్యూమ్ 10 మీద పెడితేనే 15 వాట్లు వస్తయి అనుకోవడం. చాలా ఆంపుల్లో 4, 5 దగ్గరనే మొత్తం పవరు వచ్చేస్తది, ఆపైన పెరిగేది అరుపు కాదు, డిస్టార్షన్. అందుకే 3 దగ్గర పక్కింటాయన తలుపు కొడతడు. రెండోది, వాట్లు సగం చేస్తే తగ్గేది 3 డెసిబెల్సే. చెవికి సగం అనిపించాలంటే 10 డెసిబెల్స్ తగ్గాలె, 15 వాట్లు 1.5 కావాలె. గిటారు స్పీకరు 1 వాటుకు, ఒక మీటరు దూరంలో 98 డెసిబెల్స్ ఇస్తది అనుకుంటే 15 వాట్లకు 110. గదిలో 80తో వాయించాలంటే ఎంత కావాలె? 16 మిల్లీవాట్లు. నివాస ప్రాంతాలకు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు పెట్టిన హద్దు పగలు 55, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45. 5 వాట్ల ఆంప్ కొంటే అద్దె ఇంట్ల సరిపోతదనే మాట ఎందుకు తప్పో ఈ లెక్కే చెప్తది.

స్టేజీ మీద తగ్గించడానికి రెసిస్టర్లతో అటెన్యుయేటరు (పవరును కొంత మింగి సౌండు తగ్గించే డబ్బా) చేసుకోవచ్చు, ఆంప్‌కు ఎప్పుడూ 8 ఓమ్‌లే కనబడేటట్టు. 6 డెసిబెల్స్ తగ్గాలంటే స్పీకరుకు వరుసగ 3.9 ఓమ్‌లు, స్పీకరుకు అడ్డంగ (దాని రెండు కొనల నడుమ) 8.2 ఓమ్‌లు. 12 డెసిబెల్స్‌కు వరుసగ 6 ఓమ్‌లు (2.7, 3.3 కలిపి), అడ్డంగ 2.7. ఈ రెండోదాంట్లో 15 వాట్లలో 11కు పైగ వరుస రెసిస్టర్లే మింగుతయి, స్పీకరుకు ఒక వాటు కూడ చేరదు. ఆంప్‌ను గట్టిగ నడిపితే రాసినదానికన్న ఎక్కువే ఇస్తది, కాబట్టి 50 వాట్ల అల్యూమినియం తొడుగు రెసిస్టర్లు తీసుకొని మందపాటి అల్యూమినియం పలకకు బిగించండి. బిగించకుంటే అవి రాసిన వాట్లల్ల సగం కూడ మోయవు. ఆంప్ నుంచి డబ్బాకు, డబ్బా నుంచి స్పీకరుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల స్పీకరు వైరు వాడండి, గిటారు కేబులు కాదు. 12 దాటి తగ్గిస్తే టోన్ మొద్దుబారుతది. ఇంకో మాట, డబ్బా పెట్టుకొని రోజూ ఫుల్లు మీద వాయిస్తే ట్యూబులు తొందరగ అరుగుతయి. సౌండు చిన్నగ ఉన్నా లోపల ఆంప్ ఫుల్లుగనే పనిచేస్తున్నది.

ఇంటికి మటుకు లోడ్ బాక్సు (స్పీకరులెక్క లోడు మోసే, సౌండు చేయని డబ్బా) మంచిది. టూ నోట్స్ క్యాప్టరు 8 ఓమ్‌ల మోడల్ లాంటిది స్పీకరు బదులు తగిలించి, దాని లైను అవుట్ కంప్యూటరులోకి, అక్కడి నుంచి హెడ్‌ఫోను. హెడ్‌ఫోనును ఆంప్ స్పీకరు జాక్‌లో నేరుగ పెట్టడం, జాక్ సగం గుచ్చి వదలడం, ఇవి మళ్లీ అదే గోడ కంట్రోలు కథ. పైసలు లేకుంటే మాస్టర్ వాల్యూమ్ కిందికి దించి ముందట ఓవర్‌డ్రైవ్ పెడల్ వేసుకోండి. ఎఫెక్ట్స్ లూప్ (ప్రీఆంప్‌కూ పవర్ ఆంప్‌కూ నడుమ బయటికి తీసిన జాక్‌లు) ఉంటే సెండ్‌కూ రిటర్న్‌కూ నడుమ 100 కిలో ఓమ్‌ల పాట్ (నాబ్‌తో తిప్పే రెసిస్టరు) ఒకటి డబ్బాలో పెట్టండి, అది సిగ్నల్ మీద పనిచేస్తది, స్పీకరు లోడును ముట్టదు. నాబ్ 1 దగ్గరనే అరుస్తుంటే మొదటి 12ఏఎక్స్7 స్థానంలో 5751 అనే ట్యూబు పెట్టి చూడండి, గెయిన్ 100 నుంచి 70కి దిగుతది, నాబ్‌కు తిరిగే జాగ దొరుకుతది. గరిష్ఠ పవరు మాత్రం తగ్గదు.

చర్చిలో అయితే ఇవేవీ లేకుండనే సగం గొడవ తీరుతది. 12 అంగుళాల స్పీకరు ట్రెబుల్‌ను సూటిగ కొడతది. ఆంప్ మీ మోకాళ్ల వెనుక నేల మీద ఉంటే మీకు మొద్దుగ వినబడతది, మీరు ట్రెబుల్, వాల్యూమ్ పెంచుతరు, ముందు వరుసల కూచున్న పెద్దలకు చెవులు చిల్లులు పడతయి. ఆంప్‌ను కుర్చీ మీద పెట్టి, వెనక్కి వంచి, మీ తలకాయ దిక్కు తిప్పండి. జనం వైపు కాకుండ స్టేజీకి అడ్డంగ చూపించండి. ముందట ఎస్‌ఎమ్57 లాంటి మైకు పెట్టి మిక్సరుకు ఇస్తే, జనానికి ఎంత వినబడాలో ఆ సౌండు సిస్టం అబ్బాయే ఫేడరు మీద చూసుకుంటడు.